దేముడమ్మ దండెం

నవంబరు 2

ముందు నా ఫిర్యాదు రాస్తాను. గొలుసుల సంగతి తరవాత.

పద్నాలుగేళ్ల కిందట ఈ మూడో తెప్ప కట్టి మమ్మల్ని ఎక్కించిన రోజున, కచేరీ వాళ్లు మనిషికో దండెం ఇచ్చారు, పలక తెర మీద లింకులు ఆరేసి దాచుకునే చోటు. ఇచ్చే ముందు ఒక కాగితం చేతిలో పెట్టి చదవమన్నారు. నా వంతు వచ్చింది. తాగే నీళ్లు ఎలా దాచుకోవాలో అందులో రాసుంది. నిదానంగా చదువుతున్నాను. సగానికి వచ్చాను. బల్ల వెనక కూర్చున్న కుర్రాడు నా చేతిలోంచి కాగితం లాక్కుని, చాల్లే ముసలాయనా, వెనక జనం ఉన్నారు అని, నా పేరు మా ఆవిడ దండెం కింద రాసేశాడు. గనగళ్ల దేముడమ్మ, కింద భర్త దానయ్య. అప్పటికి నేను ముసలివాణ్ణి కూడా కాదు.

నాకు చదవడం రాక కాదు. పూర్తి చెయ్యనివ్వలేదు. మిగిలిన సగంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇది తెప్పని కదలకుండా పట్టి ఉంచే గొలుసుల పద్దు అని నాకు తెలుసు. శుక్రవారం శుక్రవారం కచేరీకి పోతుంది, అక్కడ ఎవరో ఒకరు చూస్తారు. అందుకే ఇందులో రాస్తున్నాను. ఇన్నాళ్లూ నేను చెబితే దేముడమ్మ రాసేది. ఇప్పుడు నేనే రాస్తున్నాను, ఒక పేజీకి పూటంతా పడుతోంది.

తూర్పు గొలుసులు బాగున్నాయి. ఉత్తరం గొలుసుకి ఆల్చిప్పలు గుత్తులుగా పట్టాయి, గీకేశాను. పడమటి గొలుసు కొక్కెం కొంచెం మోగుతోంది. చూడాలి.

మొన్న దేముడమ్మ పదకొండో రోజు. మా తెప్ప మీద మనిషి పోతే ఆ రోజున దండెం పంచుకుంటాం. ఒక్కొక్కరు వచ్చి పోయినవాళ్ల దండెం మీదున్న లింకు ఒకటి దించుకుని, తమ దండెం మీద ఆరేసుకుంటారు. తెప్ప మీద లింకులు దాచే జాగా తక్కువ. ఒక లింకు ఒక దండెం మీదే ఉంటుంది, మిగతావాళ్లు తమ పలకలో చూసుకుని పోవడమే. అందుకని ఆ మనిషి ఏరి తెచ్చిన పనికొచ్చే సంగతి ఎవరో ఒకరి దండెం మీద నిలవాలని ఈ పంపకం. దేముడమ్మ దండెం అంటే చిన్నది కాదు. ఉప్పునీటి యంత్రం మొరాయిస్తే ఏం చెయ్యాలి, పసిపిల్లకి విరోచనాలైతే నీళ్లలో ఏమేం కలపాలి, నాచు కుళ్లకుండా ఎలా ఎండబెట్టాలి, అన్నీ అక్కడే. సగం తెప్ప పొద్దున లేచి ఆమె దండెం చూసేది. దించుకోవడానికి జనం మా గుమ్మం దాటి నీళ్ల అంచుదాకా నిలబడ్డారు.

ప్రతి లింకు పక్కనా ఆమె తన గొంతుతో ఒక మాట పెట్టేది. మొదట నా కోసమే పెట్టింది. నేను చదువుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుందని, సారం చెప్పేసేది. తరవాత అందరికీ అదే అలవాటైంది. లింకు ఎవరు తెరుస్తారు, దేముడమ్మ చెప్పింది వింటే చాలనేవారు.

పంపకానికి ముందు మా బావమరిది సింహాద్రిని అడిగాను, మాటలు ఏమవుతాయని. మాటలు ఎక్కడికీ పోవు, లింకులే పోతాయి అన్నాడు. దండెం పూర్తిగా ఖాళీ అయితేనే అక్కకి బరువు తీరుతుందన్నాడు. సరే అన్నాను.

ఆమె పోయినప్పటి నుంచి రోజూ పొద్దున టీ పెట్టుకుని ఆమె మాటలు మొదటి నుంచి వింటూ వస్తున్నాను. దాదాపు అన్నీ విన్నవే. ఒక్కటి వినలేదు. మంచం పట్టే ముందు రోజున చివరగా పెట్టింది. ఆ వేళ నేను గొలుసు దగ్గర ఉన్నాను. అది వినేస్తే ఇక ఆమె దగ్గర నాకు కొత్త మాట ఉండదు. అందుకని దాచుకున్నాను.

నిన్న పొద్దున పలక తెరిస్తే దండెం లేదు. ఆమె పేరు ఉండాల్సిన చోట బూడిద రంగు గీత ఉంది. టీ చల్లారిపోయింది.

నవంబరు 4

పడమటి గొలుసు కొక్కెం మోగడానికి కారణం దొరికింది. పిన్ను అరిగింది. ఇవి పై అధికారులుండే పెద్ద తెప్ప నుంచి వచ్చిన కొత్త రకం కొక్కేలు. పిన్ను మార్చే పద్ధతి వేరు. ఆ లింకు దేముడమ్మ దండెం మీద ఉండేది, పంపకంలో నూకాలు దించుకుంది. నూకాలు మాకు రెండిళ్ల అవతల నాచు ఎండబెట్టుకుంటుంది. వెళ్లాను.

కూతురు నీలవేణి గుమ్మంలో కూర్చుని ఉంది. నెలలు నిండాయి, కాళ్లు వాచి ఉన్నాయి. నూకాలు పలక తెచ్చి లింకు తీసింది. రాతా బొమ్మలూ వచ్చాయి. గొంతు రాలేదు.

మాట ఏదమ్మా అని అడిగాను.

“మాట రాలేదు పెదనాన్నా. లింకొక్కటే వొచ్చింది. నాను మొన్నే సూసినాను. నీకెలా సెప్పాలో తెలక ఊరుకున్నాను.”

పలక నా వైపు తిప్పుకున్నాను. నీలవేణి చదివి చెప్పబోయింది. వద్దన్నాను. అప్పుడు నూకాలు, చేతిలో నాచు పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, అచ్చం దేముడమ్మ నిలబడినట్టే నిలబడి చెప్పింది:

“మొదాట్లో ఈ బొమ్మలోడు ఊరికే సోది సెప్తాడు మావా, అది ఒగ్గీ. రెండో బొమ్మ కాడ్నుంచి సూడు. తొందరపడి పాత పిన్ను ముందే లాగీకు, తెప్పతో పాటు మనం కూడా ఎల్లిపోతాం.”

చెప్పి నవ్వబోయి ఆగిపోయింది. నీలవేణి మొహం తిప్పుకుంది. మాట సరిగానే ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు. గొంతు మాత్రం నూకాలుది.

పిన్ను మార్చాను. రెండో బొమ్మ నుంచే చూశాను. పడమటి గొలుసు ఇప్పుడు మోగడం లేదు.

నవంబరు 5

కచేరీకి వెళ్లాను. ఇప్పుడక్కడ ఉన్న పిల్ల పేరు విభావరి. పెద్ద తెప్ప నుంచి వచ్చింది. కూర్చోమంది, టీ ఇచ్చింది. తాగలేదు.

కచేరీ నోటీసులు ఉన్నా, మిగతా దండెం ఖాళీ అయితే దానంతటదే మూసుకుంటుందట. జాగా చాలక కొత్తగా పెట్టిన నియమం. మూసుకున్న దండేలన్నీ ఇరవై రెండో తేదీ పొద్దున తుడిచేసి, పుట్టిన పిల్లలకి ఇస్తారట. పిల్ల పుట్టగానే దండెం కావాలి, టీకాలూ పాల లెక్కలూ మందులూ దాని మీదే వస్తాయి. అది నాకు తెలుసు.

ఈ నియమం ఎవరికి చెప్పారమ్మా అని అడిగాను. కచేరీ నోటీసు కాబట్టి ప్రతి దండేనికీ విడిగా లింకు పంపామంది. పలక తిప్పి చూపించింది. నిజమే. మా తెప్ప మీద దాదాపు ప్రతి దండెం మీదా ఆ నోటీసు ఆరేసి ఉంది. తెరిచిన వాళ్లు మాత్రం ఒక్కరు కూడా లేరు. తరవాత చూద్దామని అందరూ భద్రంగా దాచుకున్నారు.

అది ఎప్పుడు వచ్చిందని అడిగాను. ఆమె తేదీ చెప్పింది. దేముడమ్మ మంచం మీద ఉన్న వారం. ఒక్క వారం ముందు వచ్చి ఉంటే ఆమె తెరిచేది. తెరిచి, చదివి, దండెం పూర్తిగా ఖాళీ చెయ్యకండర్రా, ఒకటి మిగల్చండి అని తన గొంతుతో చెప్పేది. తెప్ప మొత్తానికి నోటీసులు చదివే మనిషి ఆమె ఒక్కతే. ఆమె దండేన్ని మూసేసే నోటీసు చదవడానికి ఎవరూ లేకపోయారు.

మళ్లీ తెరవమన్నాను. సొంతదారు అడిగితేనే తెరుస్తారట. సొంతదారు పోయింది కదమ్మా అన్నాను.

“కింద పేరున్న వాళ్లకి ఆ హక్కు లేదు తాతగారూ. మీకంటూ ఒక దండెం ఉంటే, ఆవిడ మాటలు దాని మీదకి మార్చమని అడగొచ్చు. భర్త కాబట్టి ఇస్తారు. కానీ పెద్దవాళ్లకి దండెం కావాలంటే చదివే పరీక్ష పాసవ్వాలి. అది మళ్లీ ఏప్రిల్లో.”

“నా పరీక్ష సగంలో ఉందమ్మా.”

ఆమెకి అర్థం కాలేదు. చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె తల వంచుకుని రాసుకుంది. ఆ రాసుకున్నది ఏమైందో నాకు తెలియదు.

వస్తూ వస్తూ ఇంకొకటి అడిగాను. ఆ చివరి మాట ఉందా, లేదా, అదైనా చూసి చెప్పమన్నాను. చూసింది. ఉందంది. ఎంతసేపటిది అంటే, చిన్నదే తాతగారూ అంది. వినే వీలు ఆమెకి కూడా లేదట.

నవంబరు 8

దక్షిణం గొలుసుకి గ్రీజు పట్టించాను. గాలి ఎక్కువగా ఉంది. తెప్ప ఒక పక్కకి లాగుతోంది కానీ భయం లేదు.

మధ్యాహ్నం సింహాద్రి వల అల్లుకుంటుంటే వెళ్లి, నీ దండెం తెరువు అన్నాను. ఎందుకు బావా అన్నాడు. తెరువు అన్నాను. తెరిచాడు. పైనుంచి మూడోది, కచేరీ నోటీసు, మడత విప్పకుండా అలాగే ఉంది.

నేను ఆ మాటా ఈ మాటా అన్నాను. రాయను. చుట్టుపక్కల వాళ్లు బయటికి వచ్చారు. వాడు తల ఎత్తలేదు. చివరికి అన్నాడు:

“నాను అన్నీ ఏసుకుంటాను బావా. సూడ్డానికి అక్క ఉంది కదా అనీసి.”

 వల మీద కూర్చున్నాను. వాడు మళ్లీ చెప్పాడు.

“ఇంకోటుంది. పంపకం రోజున ఆకర్న ఒక లింకు మిగిలిపోయింది. ఎవులికీ పనికిరాదని ఎవులూ దించుకోలేదు. అలా ఉండిపోతే అక్కకి బరువు కదా అనీసి నానే దించీసినాను. అదే అక్క సివర్న ఆరేసింది.”

ఏమిటది అన్నాను. చెప్పడానికి జంకాడు. మళ్లీ అడిగాను.

“పెద్దోల్లు సదువుకోడానికి పాటాలు బావా. సొంతంగా సదవడం రావాలంటే రోజూ ఎలా సెయ్యాలో అది.”

వల మీంచి లేచి ఇంటికి వచ్చేశాను.

ఆమె నా ఎదురుగా ఆ లింకు చూపించి ఉంటే ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ణి. పద్నాలుగేళ్లుగా నా దగ్గర ఆ ఊసు ఎత్తడానికి ఎవరికీ వీల్లేదు. ఆమెకి అది తెలుసు. అందుకే నేను గొలుసు దగ్గర ఉన్న సమయం చూసి ఆరేసింది. తను ఇక ఎన్నాళ్లో ఉండనని, నాకు చదివి పెట్టే దిక్కు ఉండదని ఆమెకి అనిపించి ఉంటుంది. దాని పక్కన ఒక మాట పెట్టింది. చిన్నదే. నాకు కోపం రాకుండా ఎలా చెప్పాలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఈసారి ఎలా చెప్పిందో, అదే ఆ మాట.

నవంబరు 11

పోయిన శుక్రవారం పద్దు కచేరీకి పోయింది. జవాబు లేదు. ఈ రోజు మళ్లీ పోతుంది.

పొద్దున జనం వచ్చారు. పంపకానికి వచ్చినవాళ్లే, అదే వరసలో. సింహాద్రి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. ఎవరి లింకు వాళ్లు తిరిగి దేముడమ్మ దండెం మీద వేసేస్తే మళ్లీ తెరుచుకుంటుందని వాళ్ల ఆశ. పలకలు పట్టుకుని ఒక్కొక్కరే వేశారు. మూసిన దండెం లింకుని పట్టదు. వేసిన ప్రతి లింకూ తిరిగి వాళ్ల చేతికే వచ్చేసింది. అయినా వరస కదలలేదు. వేసి, తిరిగొస్తే, పక్కన నిలబడి, తమ లింకు దగ్గర ఆమె ఏం చెప్పిందో అది చెప్పారు.

పెంటయ్యకి దగ్గు కషాయం లింకు దక్కింది. ఆయన చెప్పాడు:

“ఇది పెంటయ్య అన్నకి. ముందు ఆ సుట్ట పారీమనండి. తరవాత కషాయం. రెండూ కలిపి తాగితే కషాయానికే దగ్గొస్తాది.”

జనం నవ్వారు. పెంటయ్య కూడా నవ్వాడు, చుట్ట చెవి మీదే ఉంది. 

ఇంకొకామె చెప్పింది. ఇంకొకాయన చెప్పాడు. ఒకరు గొంతు సన్నం చేశారు, ఒకరు చెయ్యి ఊపారు. అన్నీ ఆమె మాటలే. ఇంతమంది నోళ్లలోంచి విన్నా ఆమె గొంతు ఒక్కసారి కూడా రాలేదు. పొద్దెక్కేదాకా ఓర్చుకుని, ఇక ఇళ్లకి పొండి, నాకు గొలుసుల పని ఉంది అన్నాను. మర్యాద కాదని తెలుసు. వెళ్లారు. ఎవరూ తప్పుపట్టలేదు.

నూకాలు ఆఖర్న వెళ్లింది. అన్నం పెట్టి, మూత వేసి పోయింది.

గొలుసులు అన్నీ బాగున్నాయి.

నవంబరు 14

సింహాద్రి రోజూ సాయంత్రం వస్తున్నాడు. ఆ లింకు వాడి దండెం మీదే ఉంది కదా, వాడి పలక తెస్తాడు. ఇద్దరం గొలుసు దిమ్మ మీద కూర్చుంటాం. పాఠంలో ఉన్నది నేను పైకి చదువుతాను. వాడు వింటాడు. వాడికీ సగం రాదు, కానీ వచ్చినట్టు తల ఊపుతాడు. నేను ఆగితే తొందరపెట్టడు. ఒకసారి చాలాసేపు ఆగాను. చూస్తే వాడు కూర్చునే నిద్రపోయాడు.

ఈ రోజు పాఠం పక్కన పెట్టి కచేరీ నోటీసు తెరవమన్నాను. వాడి దండెం మీద పైనుంచి మూడోది. విప్పాడు. మొదటి నుంచి చదివాను. పొద్దు వాలేదాకా పట్టింది. మధ్యలో వాడు చాల్లే బావా, రేపు సూద్దాం అన్నాడు. పలక మీద చెయ్యి వెయ్యకు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఆఖరి వాక్యం ఇలా ఉంది. తుడిచివేతపై అభ్యంతరం ఉన్నవారెవరైనా రాతపూర్వకంగా తెలిపినచో, తుడిచే దినమునకు ముందు జవాబు ఇవ్వబడును.

ఎవరైనా అని ఉంది. సొంతదారు అని లేదు. రెండుసార్లు చదివాను.

కచేరీ మూసేలోపు వెళ్లి విభావరికి చెప్పాను. రాయండి తాతగారూ, నేను పైకి పంపుతాను, అవుతుందని మాత్రం చెప్పలేను అంది. అదైనా నిజం చెప్పింది. ఈసారి టీ ఇస్తే తాగాను.

నవంబరు 17

ఉత్తరం గొలుసు కొంచెం బిగించాను. నీళ్లు పెరుగుతున్నాయి.

నీలవేణికి పొద్దున ఆడపిల్ల పుట్టింది. నూకాలు గుమ్మం దగ్గర నాచు తాడుకి పసుపు గుడ్డ కట్టింది. వెళ్లి చూసి వచ్చాను. బాగా ఏడుస్తోంది, ఊపిరి గట్టిది.

మధ్యాహ్నం నూకాలు మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. చేతిలో కచేరీ చీటీ ఉంది. పిల్లకి కేటాయించిన దండెం నంబరు అందులో ఉంది. ఆ నంబరు నాకు చూడకుండానే తెలుసు. ఇన్నేళ్లు ఆ దండెం కింద బతికాను.

“మా గుంటకి ఈ దండెం ఒద్దని రాసిచ్చీమంటావా పెదనాన్నా. నీలవేణి కూడా ఇచ్చీమంది. ఇంకోటి వొచ్చేదాకా మేం కాసుకుంటాం.”

ఇంకోటి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఈలోపల టీకా తేదీ దాటిపోతుంది. పిల్లకి ఒంట్లో బాగోకపోతే మందు చీటీ వేలాడదీయడానికి చోటు ఉండదు. పసిపిల్లకి విరోచనాలైతే ఏం చెయ్యాలో ఇదే దండెం మీద నుంచి దేముడమ్మ ఎంతమందికి చెప్పిందో నాకు తెలుసు. ఆమె గొంతు కోసం ఒక పిల్ల దండెం ఆపితే, ఆ గొంతు నాకు ఏమని చెబుతుంది.

“ఆ చీటీ జాగ్రత్తగా పెట్టుకోయే. తడి చెయ్యకు,” అన్నాను.

నూకాలు అక్కడే నిలబడి ఏడ్చింది. నేను గొలుసు దగ్గరికి వెళ్లిపోయాను. అక్కడ చూడాల్సిన పనేమీ లేదు. కొక్కెం బాగానే ఉంది. కాసేపు చెయ్యి వేసి నిలబడ్డాను.

నవంబరు 18, శుక్రవారం

గొలుసులన్నీ చూశాను. అన్నీ పట్టి ఉన్నాయి. ఇక ఇది కచేరీ వారికి, రాతపూర్వకంగా.

నాది అభ్యంతరం. నా పేరు గనగళ్ల దానయ్య. మూడో తెప్ప గొలుసు కాపరిని. ఈ తెప్ప కట్టినప్పటి నుంచి ఒక్క గొలుసు కూడా వదల్లేదు.

దేముడమ్మ దండెం ఆ పిల్లకే ఇవ్వండి. దానికి నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది వేరు.

పద్నాలుగేళ్ల కిందట నా చేతిలోంచి లాక్కున్న కాగితం మీ దగ్గరే ఎక్కడో ఉంటుంది. నీళ్లు దాచుకోవడం గురించి రాసిన కాగితం. అది తీసుకుని ఎవరైనా రండి. నేను గొలుసు దిమ్మ దగ్గరే ఉంటాను. మొదటి సగం చదివేశాను, అది మీ లెక్కలో వేసుకోకపోయినా ఫరవాలేదు, మళ్లీ మొదటి నుంచే చదువుతాను. నిదానంగా చదువుతాను. వెనక ఎంతమంది జనం ఉన్నా సరే, ఈసారి చివరి ముక్కదాకా చదివాకే కాగితం ఇస్తాను.

చదివాక నాకొక దండెం ఇవ్వండి. పెద్దది అక్కర్లేదు. నా దగ్గర ఆరేసుకోవడానికి లింకులు లేవు. ఒక్క మాట పట్టేంత చోటు చాలు. ఆమె మిగతా మాటలు అడగను. అవి నేను విన్నాను, తెప్ప మీద జనం నోళ్లలో ఉన్నాయి. వినని మాట ఒక్కటుంది. అది వేరెవరికీ పనికిరాదు. నాకు చెప్పింది, నాకు అందలేదు. అదొక్కటి తుడిచే ముందు నా దండెం మీదకి మార్చండి.

ఇరవై రెండో తేదీ పొద్దున తుడుస్తామన్నారు. ఇరవై ఒకటి, సోమవారం, పొద్దుగూకేలోపు నాకు జవాబు కావాలి. ముందు జవాబు ఇస్తామని మీ నోటీసులోనే ఉంది, ఆఖరి వాక్యం చూసుకోండి.

అవునన్నా, కాదన్నా, రాసి పంపండి. చదివి వినిపించడానికి మనిషిని పంపవద్దు. చివరిదాకా నేనే చదువుకుంటాను.